సత్రం గోడ మీది చలివేంద్రం

మొన్న వేసవిలో ఇంగువ కొందామని నరసరావుపేట పాత బజారులోకి వెళ్ళినదాన్ని, ఇంగువ సంగతే మర్చిపోయి సత్రం ఎదుట నిలబడిపోయాను. ఏళ్ళ తరబడి తాళం పడి ఉన్న మా వర్తకుల సత్రానికి చుట్టూ పరంజా కట్టి ఉంది. వీధివైపు గోడ దగ్గర ఒకమ్మాయి పీట వేసుకుని కూర్చుని, సన్నటి కత్తితో పాత సున్నాన్ని పొరలు పొరలుగా గీకుతున్నది. ఏందమ్మా ఇదంతా అని అడిగితే, సత్రాన్ని మళ్ళీ మునుపటిలా బాగుచేస్తున్నామనీ, ఈ సున్నం కింద పాత బొమ్మలున్నాయనీ చెప్పింది. ఆ బొమ్మల్లో మా అమ్మ ఉందని ఆ పిల్లకేం తెలుసు!

మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయపడేవాళ్ళు ఆ రోజుల్లో మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు; మా అమ్మ ఒక్క ఫోటో అయినా తీయించుకోకుండానే వెళ్ళిపోయింది, పిచ్చితల్లి. ఎండాకాలం వస్తే మా నాయనమ్మ సత్రం అరుగు మీద చలివేంద్రం పెట్టేది. వినుకొండ నుంచీ మాచర్ల నుంచీ బండ్లు తోలుకొచ్చే రైతులకి అక్కడ నీళ్ళు పోసేది మా అమ్మేనట. దుకాణాలకి బోర్డులు రాసే సాయిబు ఒకాయన ఉండేవాడు, మేమంతా తాతా అని పిలిచేవాళ్ళం. ఆయన కూడా ఆ నీళ్ళు తాగినవాడే. సత్రం గోడ మీద బజారంతా బొమ్మలుగా వేసిపెట్టమని పెద్దలు అడిగితే ఎడ్లబండ్లూ, తక్కెళ్ళూ, మిరపకాయల రాశులూ, ఆ పక్కన చలివేంద్రమూ వేశాడు. నాయనమ్మ నా వేలు పట్టుకుని తీసుకెళ్ళి, అదుగో మీ అమ్మ అని చూపించేది. నా ఎత్తుకి అందినంతవరకే నాకు గుర్తు: వంగి నిలబడ్డ బాటసారి దోసిలి, అందులోకి పడుతున్న తెల్లటి నీటిధార. ఆ పైనున్న చెయ్యీ, ముఖమూ ఎంత తలుచుకున్నా కళ్ళ ముందుకి రావు.

సత్రంలో ఎవరింటి పెళ్ళి జరిగినా ముందు వాళ్ళే గోడలకి సున్నం కొట్టించాలన్నది మా బజారు ఆనవాయితీ. పిడుగురాళ్ళ సున్నం చేతికందే దూరంలో ఉన్నవాళ్ళం, దానికేం కరువా! అయితే బొమ్మల గోడని మాత్రం ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. మా నాన్నకి రెండో పెళ్ళి కుదిరినప్పుడు, కొత్త కోడలు నడిచొచ్చే దారిలో పాత కోడలు నిలబడి ఉండకూడదని నాయనమ్మే పట్టుబట్టి దాన్ని కప్పించింది. ఆ ఒక్క బొమ్మ మీదే పూస్తే ఎబ్బెట్టుగా ఉంటుందని గోడంతా సున్నం కొట్టించేసింది. అటు తర్వాత అది మామూలు గోడే కదా, వచ్చిన ప్రతి పెళ్ళివారూ ఒక పూత వేసి పోయారు. మా పిన్ని నన్ను కన్నబిడ్డలా చూసింది, ఆమెని పల్లెత్తు మాట అనను. కానీ ఆ గోడ పక్కగా బడికి వెళ్ళినన్నాళ్ళూ, ఈ తెల్లదనం వెనక అమ్మ ఎలా ఉందో అనుకుంటూనే నడిచాను.

ఇక ఆ రోజు నుంచీ నాకు ఇంట్లో కాలు నిలవలేదు. మా కోడలైతే, అత్తయ్యా, మనింట్లో ఇంగువ ఊరందరి సాంబారుకీ సరిపోతుంది, ఇవాళేం తేబోతున్నారు అని ఆట పట్టించేది. నేను వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుని, కత్తి కింద నుంచి రాలే పొరలు చూస్తూ, నీలిమందు కలిపిన ఈ పూత మా పెదనాన్న కూతురి పెళ్ళిది, పసుపుగా ఉన్న ఇది ఫలానా వారిది అని చెబుతుంటే, ఆమె నవ్వుతూ వినేది. ముందుగా ఎద్దు కొమ్ములు బయటపడ్డాయి, తర్వాత తక్కెడ, ఆ తర్వాత నాకు తెలిసిన ఆ దోసిలి. అది చూసి ఏడ్చేశాను, దాచటమెందుకు.

చివరికి ముఖం వచ్చింది. చూద్దును గదా, మిరపకాయలు ఏరే ఆడమనిషికీ, గంప మోసే ఆమెకీ, మా అమ్మకీ అందరికీ అదే ముఖం! అవే చేప కళ్ళు, అదే బొట్టు. ఆడవాళ్ళని వేయాలంటే తాతకి వచ్చిన ముఖం అదొక్కటేనన్నమాట. ఇన్నేళ్ళు ఇందుకా కాచుకున్నది అనిపించి, ఇంటికి పోదామని లేచాను.

అప్పుడే సత్రం పెద్ద, వరసకి నాకు మరిది, పని చూడ్డానికి వచ్చాడు. బొమ్మ చూసి, ఏందిది, నీళ్ళు ఎడంచేత్తో పోస్తున్నది, అందరూ నవ్విపోతారు, మణికట్టు దగ్గర రంగు ఎట్లాగూ రాలింది కాబట్టి చెంబు కుడిచేతికి మార్చెయ్యండి అన్నాడు. నేను గిర్రున వెనక్కి తిరిగాను. నిజమే, చెంబు ఎడంచేతిలో ఉంది. గంప ఆమెదీ, మిరపకాయల ఆమెదీ కుడిచెయ్యే. చూడకుండా అట్లా వేసే మనిషి ఎవరుంటారు?

నేను పుర్రచేతి వాటంతో పుట్టాను. చిన్నప్పుడు ఆ చేత్తో ముద్ద కలిపినా, గ్లాసు అందించినా, నాయనమ్మ చేతి మీద ఒక్కటి వేసి, ఎక్కడికి పోతయ్‌లే బుద్ధులు అని మొహం పక్కకి తిప్పుకునేది. నా మొండితనాన్ని తిడుతుందనుకునేదాన్ని. చెయ్యి మార్చుకున్నాను గానీ, ఆ మాట ఎవరిని తలుచుకుని అన్నదో అప్పటిదాకా నా బుర్రకి తట్టలేదు.

ఆ చెయ్యి జోలికి పోబాకయ్యా మరిదీ, ఆమె మా అమ్మ, ఆమెది ఎడంచేతి వాటం అన్నాను. నీకెవరు చెప్పారు వదినా అంటే, నా ఎడంచెయ్యి చాపి చూపించాను, ఇంకేం చెప్పను? అతను గోడనీ నన్నూ మార్చి మార్చి చూసి, సరేలే, ఉండనీ అన్నాడు. రంగు రాలినచోట మాత్రం ఆ పిల్ల లేతరంగు అద్ది వదిలేసింది.

ఇప్పుడు పెళ్ళిళ్ళన్నీ ఫంక్షన్ హాళ్ళలో, ఏ గోడకీ ఎవరూ సున్నం కొట్టించనక్కర్లేదు. చలివేంద్రాల్లో కుళాయి బిగించిన క్యాన్లు, ఒకరి చెయ్యి మరొకరి దోసిలి మీదికి వంగే పనేలేదు. పిల్లలు ఎడంచేత్తో రాస్తున్నా కొట్టేవాళ్ళు లేరు, అదొక్కటి మాత్రం మంచిదే అయింది. ఆ సాయంత్రం కోడలు ఆఫీసు నుంచి వచ్చి మంచినీళ్ళడిగితే, గ్లాసు ఎడంచేత్తో అందించాను, పెద్దయ్యాక మొదటిసారి. తను గమనించనైనా లేదు, గటగటా తాగేసి ఇంకొంచెం పొయ్యమంది.