బ్యాటరీ లేని చెయ్యి

తాగలేదు, కల కనలేదు. మా అమ్మ మీద ఒట్టు... నా వేలికి తెలిసిందే చెబుతున్నాను.

మా తమ్ముడు మునిరాజు హోసూరులో ప్రెస్సు మిషను మీద పనిచేసేవాడు. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ఆ ప్రెస్సు దిగాలి. చెయ్యి లోపల ఉండిపోకూడదని ఆ ఏర్పాటు. పని తొందరగా సాగాలని ఒక బటన్‌కు టేపు అంటించింది సూపర్‌వైజరు. అంటే నేను. వాడి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. టేపు వాడే వేసుకున్నాడన్నారు అందరూ. నేను నోరు మెదపలేదు.

ఈమధ్య బెంగుళూరులో వాడికి కొత్త చెయ్యి పెట్టారు. మన దేశపు కుర్రాళ్లు చేసిన చెయ్యి. కండ బిగిస్తే వేళ్లు ముడుచుకుంటాయి. అంతకన్నా వింత... వేలికొనకు తగిలింది వాడి చర్మానికి తెలుస్తుంది. వేప్పనపల్లి దగ్గర మా ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. వాడు కళ్లు మూసుకొని ఒక మామిడికాయను మెల్లగా నొక్కాడు.

"ఇంగా మాగల్లేదు. రెండు దినాలు పోవాల."

"నీ పాత చేతికి ఇంత తెలివి లేదు కదప్పా," అన్నాడు పక్కింటి వెంకటేశప్ప. అందరూ నవ్వారు. నా గుండె ఉప్పొంగింది. వాడు నా తమ్ముడు అని అరిచి చెప్పాలనిపించింది. ఆ వెంటనే తల దించుకున్నాను.

ఆ రాత్రి కరెంటు పోయింది. వాడు వసారాలో పడుకున్నాడు. నేను లోపల. వాడు తీసిపెట్టిన కొత్త చెయ్యి నా తల దగ్గర బల్ల మీద ఉంది. బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టింది నేనే.

జిర్ర్...

ఎలుక అనుకున్నాను. ఆగింది. మళ్లీ... జిర్ర్. చిన్న మోటారు తిరిగే చప్పుడు. ఫోను లైటు వేశాను. బ్యాటరీ పెట్టిన చోటే ఉంది. చూపుడువేలు మాత్రం... మెల్లగా... వంగుతోంది.

ఎందుకో నా వేలు చాచాను. రబ్బరు చల్లగా తగిలింది. ఒక్కొక్క వేలే మూసుకుంది. బొటనవేలు చివర్న. నొప్పి లేదు. లాగితే మాత్రం రాలేదు. వసారాలోంచి తమ్ముడి గురక... ఒకే తీరుగా. అలాగే కూర్చున్నాను. కరెంటు వచ్చేసరికి ఆ వేళ్లు తెరుచుకొని ఉన్నాయి.

పొద్దున కాఫీ తాగుతూ వాడు మొండిచేతిని రుద్దుకుంటున్నాడు.

"రేత్రి లేని చేతికి వెచ్చగా ఉన్నిందిన్నా. ఎవురిదో వేలు పట్టుకొన్నట్టు. వణకతా ఉన్నింది, పాపం."

"నాదేరా," అన్నాను. ఆపైన టేపు మాట కూడా చెప్పేశాను.

వాడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"నాకెందుకు చెప్తావు? నువ్వు నోట్తో టేపు చించింది నేను చూళ్లేదా? ఆడ చెప్పు, ఫ్యాక్టరీలో."

"మరి నువ్వెందుకు చెప్పలేదురా?"

"నీ మాట నువ్వే చెప్పాల."

ఆ రోజే ఇద్దరం హోసూరు బస్సెక్కాం. చెప్పాను. నా ఉద్యోగం పోయింది. గేటు దగ్గర పాతవాళ్లంతా కొత్త చెయ్యిని పట్టుకొని ఊపుతుంటే, తల ఎత్తుకొని వాడి పక్కన నిలబడ్డాను.

తర్వాత ఆ చెయ్యిని, చేసిన ఇంజనీరు దగ్గరికే తీసుకెళ్లి అడిగాను. విప్పి చూసి బిగించి, బ్యాటరీ లేకుండా మోటారు తిరగదన్నాడు. లేని చెయ్యి ఉన్నట్టు అనిపించడం మామూలే, మీరు కల కని ఉంటారు అన్నాడు.

"ఇద్దరికీనా?"

ఆయన స్క్రూడ్రైవరు తీసుకొని ఆ చెయ్యిని మళ్లీ విప్పడం మొదలుపెట్టాడు.