కర్పూరం ఎవరు ఆర్పారు

మా విల్లాలో పొగ గంట మోగిన శుక్రవారం మధ్యాహ్నం నేను కోడికూరలో మసాలా వేస్తున్నాను. గదుల్లో ఉన్నవాళ్ళంతా నా కూరే మాడిందనుకున్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కొంచెం కోపమే. ఆ పొగ నాది కాదు. హాల్లో పెద్దమనుషులు కర్పూరం వెలిగించారు.

ఎందుకు వెలిగించారో చెప్పాలంటే ముందు ఇంటి సంగతి చెప్పాలి. మాది దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర ఒక పాత విల్లా. ఎవరో ఆసామి దాన్ని అట్టగోడలతో గదులు గదులుగా కోసి తెలుగువాళ్ళకి అద్దెకిచ్చాడు. ఒక గదిలో ఎవరైనా తుమ్మితే పక్క గదిలోంచి చిరంజీవ అని వినపడుతుంది. వంటిల్లు మాత్రం అందరికీ ఒకటే. అది నాది. నేను కోనసీమ నుంచి వచ్చి మొదట ఒక అరబ్బీ ఇంట్లో పనిచేశాను. ఆ ఇంటి పెద్దావిడ పోయాక ఈ విల్లాలో వాళ్ళందరికీ వండిపెట్టే పనిలో కుదురుకున్నాను.

వెనక రెండు గదులూ గ్యారేజీ ఆయనవి. జగిత్యాల వైపు మనిషి, ఇండస్ట్రియల్ ఏరియాలో బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఒక గదిలో పెద్ద భార్య, ఒక గదిలో చిన్న భార్య. ఇద్దరూ సొంత అక్కచెల్లెళ్ళు. పెద్దామెకి పిల్లలు పుట్టలేదని ఊళ్ళో పెద్దలు కూర్చుని చెల్లెల్నిచ్చి చేశారు. మన చట్టంలో ఆ రెండో పెళ్ళి చెల్లదు, కాబట్టి కాగితాల్లో చిన్నామె మరదలిగానే ఉండిపోయింది.

గ్యారేజీ ఆయనకి ఒక గొప్ప ఉంది. ఇద్దర్నీ సమానంగా చూస్తానని. మిక్సీ కొంటే రెండు కొనేవాడు, ఒకే రంగువి. కుక్కర్లు రెండు, ఇస్త్రీపెట్టెలు రెండు, ఊరగాయ జాడీలు రెండు. నా వంటింటి గట్టు మీద చోటు చాలక నా చపాతీ పీట ఫ్రిజ్ మీదికెక్కింది. ఒకరోజు ఈ గదిలో, ఒకరోజు ఆ గదిలో పడుకునేవాడు. పండగ రాత్రి ఎవరిదని గొడవొస్తే ఆ రోజు హాల్లో సోఫా మీద పడుకుని అందరి దగ్గరా మెప్పు పొందాడు. విల్లాలో మగవాళ్ళు ఆయన్ని చూపించి, ఒక్క పెళ్ళాన్ని సముదాయించలేక చస్తున్నాం, ఆయన్ని చూడండి అనేవాళ్ళు.

ఆ శుక్రవారం పొద్దున చిన్నామె వంటింట్లోకి వచ్చి ఎడంచేత్తో గ్లాసు తీసుకుంది. కుడి మణికట్టు కందిపోయి, గాజు లోపలికి దిగి ఉంది. సబ్బునీళ్ళతో గాజు తీశాను. పసుపూ ఉప్పూ వేడిచేసి కట్టాను.

"ఏమైందే?"

"అమ్మకు ఫోన్ చేసిన చిన్నమ్మా. గంతే. చెయ్యి పట్టి తిప్పిండు."

"ఇదేనా మొదటిసారి?"

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఇయ్యాల నా వంతు. రాత్రికి మా రూమ్‌కొస్తడు. నేను ఆ రూముల పండ చిన్నమ్మా. ఎక్కడన్న పంట. నీ ఉల్లిగడ్డ సంచుల మీదనన్న పంట," అంది.

నేను వెళ్ళి మేస్త్రీకి చెప్పాను. మేస్త్రీ అంటే మా విల్లాకి పెద్ద. కట్టడాల పనుల్లో జుట్టు నెరిసినవాడు, ఎవరి గొడవైనా ఆయనే తీరుస్తాడు. ఆయన నెమ్మదిగా విని, "బువ్వ తినే ముంగటనే పంచాయితీ పెడదాం చెల్లె. తిన్నంక అందరు పంటరు," అన్నాడు.

హాల్లో చాపలు వేశారు. మేస్త్రీ మధ్యలో కూర్చున్నాడు. హైదరాబాదు నుంచి వచ్చిన అకౌంటెంట్ బాబు పక్కన కూర్చున్నాడు, చదువుకున్నవాడు ఒకడుండాలని. గ్యారేజీ ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అక్కచెల్లెళ్ళు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను వంటింట్లోంచి ఒక చెవి ఇటు వేసి ఉన్నాను.

మేస్త్రీ అడిగాడు: "బిడ్డా, నీకు మీ అక్కకు ఏమన్న తక్కువెక్కువ చేస్తున్నడా?"

"లేదు."

"మీ అక్కకు మిక్సీ కొన్ననాడు నీకు కొన్నడా, కొనలేదా?"

"కొన్నడు."

"బంగారం?"

"ఇద్దరికీ ఒక్కతీరే."

"మరింకేంది?"

చిన్నామె కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించింది. పెద్దమనుషులు దాన్ని చూశారు. అకౌంటెంట్ బాబు గొంతు సవరించుకుని, "అది సెపరేట్ ఇష్యూ. ముందు ఈక్వాలిటీ పాయింట్ క్లియర్ చేద్దాం," అన్నాడు. ఈక్వాలిటీ పాయింట్ మీద చాలాసేపు మాట్లాడారు. నా కూర ఉడికింది, అన్నం వార్చాను, అప్పటికీ వాళ్ళు ఇస్త్రీపెట్టెల దగ్గరే ఉన్నారు.

చివరికి గ్యారేజీ ఆయన, నేను చెయ్యి చేసుకోలేదు, కావాలంటే ప్రమాణం చేస్తానన్నాడు. అందరి మొహాలూ వెలిగాయి. ప్రమాణమంటే అందరికీ తెలిసిన పని. మా ఊళ్ళలో కర్పూరం వెలిగించి, దేవుడి పేరు చెప్పి, అరచేత్తో దాన్ని ఆర్పాలి. అబద్ధమాడినవాడి ఇల్లు అలాగే ఆరిపోతుందని నమ్మకం. ఒక్క బిళ్ళ సరిపోయేది. పెద్ద మాటకి చిన్న మంట ఆనదని మేస్త్రీ డబ్బా మొత్తం పళ్ళెంలో ఒంపాడు. పళ్ళేన్ని స్టూలు మీద పెట్టాడు. స్టూలుకి సరిగ్గా పైన, కప్పుకి, తెల్లటి పొగ గంట ఉంది.

మంట లేచింది. గ్యారేజీ ఆయన చెయ్యి చాచాడు, వేడికి వెనక్కి లాక్కున్నాడు. మళ్ళీ చాచాడు, మళ్ళీ లాక్కున్నాడు. "జర తగ్గనీయ్ మామా," అన్నాడు. అంతలో గంట మోగింది.

ఒకటి మోగితే విల్లాలో అన్నీ మోగాయి. స్నానం చేస్తున్నవాళ్ళు తువ్వాళ్ళతో, నిద్రపోతున్నవాళ్ళు లుంగీలతో రోడ్డు మీద పడ్డారు. నేను స్టవ్ కట్టేసి, కూరగిన్నె పట్టుకుని బయటికొచ్చాను. అగ్గిలో వదిలేయడానికి మనసొప్పలేదు. ఎండ నిప్పులా ఉంది. ఎదురు విల్లావాళ్ళు అప్పటికే ఫోన్ చేసేశారు. మంటలార్పే బండి వచ్చింది, దాని వెనకాలే పోలీసు బండి. టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు లోపలికి పరుగెత్తి, పళ్ళెం మీద కాలు వేసి ఒక్క తొక్కు తొక్కాడు. గుమ్మంలోంచి నేను కళ్ళారా చూశాను.

రోడ్డు మీద మావాళ్ళకి ఇల్లు కాలిపోతుందన్న భయం లేదు. పోలీసులు పెళ్ళాలెంతమందని అడుగుతారని భయం.

"ఇక్కడ నలుగురి దాకా పర్లేదండీ," అన్నాడు అకౌంటెంట్ బాబు.

"అది వాళ్ళ మతంల. మనకేడుంది?" అన్నాడు మేస్త్రీ.

"మన లా ప్రకారం ఒక్కరే."

"మన లా దోహాల నడుస్తదా?"

"అయితే చిన్నావిడ మరదలు అందాం."

"మరదలే కదనయ్యా నిజంగ."

"చెల్లెలందాం. సేఫ్."

"ఎవరికి చెల్లెలు? పెండ్లాంకా, మొగనికా?"

అలా ఆ ఎండలో, తువ్వాళ్ళలో, ఒక కుటుంబానికి వరసలు కుట్టారు. అందరికీ ఒకటే మాట ఉండాలని మేస్త్రీ ఒక్కొక్కరి చేతా రెండేసి సార్లు చెప్పించాడు. నన్నూ చెప్పమన్నాడు. కూరగిన్నె బరువుగా ఉంది, తరవాత చెప్తానన్నాను.

పోలీసాయన వచ్చి అందర్నీ ఒకేచోట నిలబెట్టి అడిగాడు: "ముష్కిలా?" ఏమైనా గొడవా అని. గ్యారేజీ ఆయన చిన్నామె పక్కనే నిలబడి ఉన్నాడు. అందరూ ఒకే గొంతుతో, "మాఫీ ముష్కిలా," అన్నారు. ఏమీ లేదు. చిన్నామె కూడా అంది. మొగుడి భుజం తన భుజానికి తగులుతుంటే ఇంకేమంటుంది? అడగడమూ అయింది, చెప్పడమూ అయింది, పోలీసాయన బండి వైపు తిరిగాడు. రాత్రికి ఆ పిల్ల ఆ గదిలోకే పోవాలి.

అప్పుడు మంటలార్పే కుర్రాడు నీళ్ళ సీసాలు పంచుతూ వచ్చాడు. చిన్నామెకి ఒకటిచ్చాడు. ఎడంచేత్తో తీసుకుంది. మూత రాలేదు. పళ్ళతో తిప్పబోయింది. కుర్రాడు సీసా తీసుకుని మూత తీసిచ్చాడు. పసుపు కట్టు వైపు చూశాడు, తరవాత గ్యారేజీ ఆయన వైపు చూశాడు. వెళ్ళి పోలీసాయన చెవిలో ఏదో చెప్పాడు. పోలీసాయన ఫోన్ తీశాడు.

కాసేపటికి ఒకావిడ వచ్చింది. నల్లటి అబాయా, మెడలో కార్డు. ఆవిడా పోలీసే. మేస్త్రీ ముందుకెళ్ళి, కుట్టిన వరసలన్నీ హిందీలో అప్పజెప్పబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. మగవాళ్ళందర్నీ ఎదురు గోడ నీడకి పొమ్మంది. "వీళ్ళ మాట తెలిసిన ఆడమనిషి ఎవరు?" అంది అరబ్బీలో. నేను గిన్నె దించాను.

నన్నూ చిన్నామెనీ వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. పెద్దామెని బయటే ఉంచింది. పొగ పీల్చే ఫ్యాన్ వేశాను, గోడలకి చెవులున్న ఇల్లు కదా. ఆవిడ చిన్నామెని నా స్టూలు మీద కూర్చోబెట్టి, తను మోకాళ్ళ మీద కూర్చుంది. నా అరబ్బీ అంతా వంటింటి అరబ్బీ. కొయ్యడం, దంచడం, పిండడం, కాల్చడం వరకూ వస్తుంది. మణికట్టు ఎలా తిప్పాడో చెప్పడానికి, తడిగుడ్డ పిండడమనే మాట వాడాను. ఇదివరకు ఎప్పుడెప్పుడు, ఎక్కడెక్కడ అంటే, దంచడమన్నాను. ఆవిడ నవ్వలేదు. తరవాత అడిగింది: "ఈ రాత్రి నువ్వెక్కడ పడుకోవాలనుకుంటున్నావు?"

చిన్నామె నా ఉల్లిపాయ సంచుల వైపు చూపించింది.

తరవాత పెద్దామెని పిలిచింది. చిన్నామెని తన బండిలో కూర్చోబెట్టి వచ్చి, మళ్ళీ తలుపేసింది. పెద్దామె నిటారుగా నిలబడి, "నాకేం లేదు. నన్ను మంచిగనే చూస్తడు," అంది. ఆవిడ సరే అని తలూపింది, తొందరపెట్టలేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

"చెల్లెను తోలుకపోతరా?" అంది పెద్దామె నాతో.

"తీసుకెళ్తారంట. ఆసుపత్రికి ముందు."

"మరి రాత్రికి నేనొక్కదాన్నే ఉంటనా?"

"నువ్వొక్కదానివే."

ఆమె మిక్సీల వైపు చూసింది, ఒకటీ ఇంకొకటీ. తరవాత జాకెట్టు భుజం మీంచి పక్కకి జరిపింది. దెబ్బల గుర్తులు, పాతవి, కొత్తవి, ఒకదాని మీద ఒకటి. "చెల్లెను చేసుకుంటనంటే నేనే ఒప్పుకున్న చిన్నమ్మా. ఇద్దరమైతే సగం సగమైతదనుకున్న. ఆయనకు సగం చేసుడు రాదు. అన్నీ రెండు తెస్తడు."

దానికి నా వంటింటి అరబ్బీలో మాట దొరకలేదు. రెండు వేళ్ళు చూపించాను. ఆవిడకి అర్థమైంది.

నాకు చదువు లేదు, చట్టాలు తెలియవు. నేను చూసింది చెప్తున్నాను. మా పెద్దమనుషులు మిక్సీలు లెక్కపెట్టారు. వాళ్ళ భయమంతా పెళ్ళాల లెక్క మీద. మొదటి పోలీసాయన మొగుడి పక్కన నిలబెట్టి అడిగాడు. ఆవిడ మాత్రం తలుపేసి, ఒక్కొక్కర్నీ విడిగా కూర్చోబెట్టి, దెబ్బ ఎక్కడుందో, రాత్రికి ఎక్కడ పడుకుంటావో అడిగింది. ఎవరింట్లో ఎంతమంది పెళ్ళాలున్నా అధికారులు ముందు చెయ్యాల్సిన పని అదే అనిపించింది. పెళ్ళి చెల్లుతుందా లేదా అన్నది ఆ చేతికి కట్టు కట్టాక చూసుకోవచ్చు.

అక్కచెల్లెళ్ళు ఒకే బండిలో వెళ్ళారు. గ్యారేజీ ఆయన్ని వేరే బండిలో తీసుకెళ్ళారు. అకౌంటెంట్ బాబు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమడిగిందండీ? చెల్లెలని చెప్పారా? మరదలనా?"

"ఎవరికేమవుతారని అడగలేదు బాబూ."

"అస్సలు అడగలేదా?" ఆ బాబు మొహం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు.

లోపల మేస్త్రీ సొట్టపడిన పళ్ళేన్ని పట్టుకుని కూర్చున్నాడు. బూటు గుర్తు అలాగే ఉంది. "ప్రమాణం చేస్తనన్నది ఒకడు. కర్పూరం ఆర్పింది ఒకడు. ఇప్పుడు గీ ప్రమాణం ఎవరికి తగుల్తది?" అన్నాడు. మంటలార్పే కుర్రాడికి తగులుతుందని ఒకరు, పరాయి మతం కాబట్టి తగలదని ఒకరు, మళ్ళీ వెలిగించాలని ఒకరు. నేను అన్నం వడ్డించాను. తింటూ కూడా అదే మాట. కూర చల్లారిందని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

అక్కచెల్లెళ్ళిద్దర్నీ కొన్నాళ్ళు ఆడవాళ్ళుండే చోట ఉంచి, తరవాత ఊరికి పంపారు. గ్యారేజీ ఆయన మళ్ళీ మా విల్లాకి రాలేదు. ఈమధ్య చిన్నామె ఫోన్ చేసింది. చెయ్యి నయమైందట. గల్ఫంతా దుబాయే అనుకునే ఊళ్ళోవాళ్ళు దుబాయ్ నుంచి ఏం తెచ్చావని అడుగుతుంటే, మా అక్కను తెచ్చిన అని చెబుతోందట.

"మా రూముల ఎవరుంటున్నరు చిన్నమ్మా?"

"ఎవరూ లేరు. నా ఉల్లిపాయ సంచులు పెట్టుకున్నాను."

 ఆ పిల్ల నవ్వడం మొదటిసారి విన్నాను.

"రెండు రూముల్ల సమానంగ పెట్టినవా?"