సైడ్ ఏ, అయిదో పాట తర్వాత

ఆ రోజుల్లో మనిషికి నచ్చే పాటలకి ఒక హద్దుండేది. ఆ హద్దు అరవై నిమిషాల కేసెట్టు. ఇటు ముప్ఫై, అటు ముప్ఫై, అంతే. ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో నచ్చిన పాటలు ఎన్నున్నాయో దానికే తెలియదు. పల్లవి దాటకముందే వేలితో తోసేసి ఇంకో పాటలోకి వెళ్లిపోతుంది. మాకలా కుదిరేది కాదు. తెల్లకాగితం మీద పాటలు రాసుకుని గాజువాకలో రికార్డింగు షాపుకి వెళితే, షాపాయన కాగితం పైనుంచి కిందకి చూసి "ఇన్ని పట్టవు బావ, రెండు కొట్టీ" అనేవాడు. ఏ రెండు కొట్టేయాలో తేలక ఆ షాపు గట్టు మీదే అరగంట కూర్చునేవాణ్ణి. (ఒక పాటనైతే కొట్టేసి, వీధి చివరిదాకా వెళ్లి, మనసొప్పక వెనక్కొచ్చి మళ్లీ రాయించాను. షాపాయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.) అలా ఏరి ఏరి చేయించుకున్న కేసెట్టు ఒకటి పట్టపగలు, పదిమందిలో, నా పరువుతో పాటు మా అక్క కాపురం కూడా తీసేస్తుందని నేను వణికిపోయిన రోజు ఒకటుంది.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. డిప్లొమా అయ్యి, ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరి, నీలం చొక్కాతో షిఫ్టు బస్సెక్కుతున్నానన్న గర్వంతో కాళ్లు నేలమీద ఆనకుండా తిరుగుతున్నాను. నాకు ఒక్కతే అక్క. పెందుర్తి ఇచ్చారు. బావ నెమ్మదస్తుడు, ఇల్లు నడిపేది మాత్రం బావ వాళ్లమ్మ. నాకు అత్త వరస. ఊళ్లో పొలం పనులు చేసి చేసి ఆవిడ చేతులు చెక్కలా గట్టిపడిపోయాయి. గొంతు ఆ చేతులకన్నా గట్టిది. ఏం మాట్లాడినా చివర "నాను సెప్పలేదేటి?" అని తగిలించేది. వాన పడినా అదే మాట, పాలు విరిగినా అదే మాట. పురిటికి మా ఇంటికొచ్చినప్పుడు అక్క ఆవిడ సంగతులు రెండు మూడు చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. నేను మాత్రం అక్క అక్కడ నానా కష్టాలూ పడుతోందని తేల్చేసుకున్నాను. ఆ వయసులో తేల్చేసుకోవడమే గాని ఒకరిని అడిగి తెలుసుకోవడమన్న అలవాటు లేదు.

పాపని తీసుకుని అక్క పెందుర్తి వెళ్లేరోజు దగ్గరపడుతుంటే, దానికి తోడుగా ఉంటుందని ఆ కేసెట్టు చేయించాను. నాకు అన్నిటికన్నా నచ్చిన పది పాటలు. పాటకీ పాటకీ మధ్య అరనిమిషం ఖాళీ వదలమంటే షాపాయన "ఖాళీ ఎందుకు బావ, గాలి రికార్డు సేత్తావేటి?" అన్నాడు. ఆ ఖాళీల్లో ఇంటి దగ్గర మా టూ-ఇన్-వన్ పెట్టుకుని, రేడియోలో చెప్పేవాళ్లలా గొంతు సాగదీసి, ఒక్కో పాట నాకెందుకిష్టమో చెప్పాను. సైడ్ ఏలో అయిదో పాట అయ్యాక రిబ్బను ఇంకా మూడు నాలుగు నిమిషాలు మిగిలింది. అక్కడ నాలో కళాకారుడు లేచాడు. తలుపు గడియపెట్టి, ముక్కు పట్టుకుని, అత్త గొంతు దించేశాను. "ఏటే కోడలా, ఆ గిన్ని అలగ బోర్లించీసినావు? బోర్లించద్దని నాను సెప్పలేదేటి? ఆ పిల్లి ఇలగొస్తాదని నాను సెప్పలేదేటి?" అంటూ మొదలెట్టి, చివర్లో నా గొంతుతో, "ఇంతవరకూ మాట్లాడినవారు పెందుర్తి మహారాణి గారు. వారి కిరీటం బరువెక్కువ గనక కోడళ్లే మోయవలెనని మనవి" అని ముగించాను. వెనక్కి తిప్పి విని, నేనే మంచం మీద దొర్లి నవ్వుకున్నాను. కేసెట్టు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో 'ఆల్ టైమ్ బెస్ట్' అని రాసి, అక్క చీరల మడతల్లో దోపి, "ఎవ్వలూ లేనప్పుడు ఏసుకో" అని చెవిలో చెప్పాను.

మూడు నెలలు తిరిగేసరికి పాప అన్నప్రాసన వచ్చింది. అమ్మ, నాన్న, నేను రెండు బస్సులు మారి పెందుర్తిలో దిగాం. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, డాబా పిట్టగోడకి కట్టిన పెద్ద మైకు. దేవుడి పాటలు అయిపోయాయి. తలకి తువ్వాలు చుట్టుకున్న మైకు సెట్టాయన "కేసెట్లయిపోనాయి, ఇంకేటైనా ఉంటే తెండి" అని కేకేశాడు. బావ లోపలికెళ్లి ఒక కేసెట్టు పట్టుకొచ్చాడు. దూరంనుంచే ఎర్ర అక్షరాలు కనిపించాయి. చేతిలో ఉన్న కాఫీని గ్లాసుతో సహా పక్క కుర్చీ మీద పెట్టేశాను.

మొదటి పాట ఎత్తుకుంది. మా నాన్న గడ్డం గీసుకుంటూ ఈలవేసే పాట అది. ఆ ఈల వినిపిస్తే ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకునేవాళ్లం, ఆయన సంతోషంగా ఉన్నాడని గుర్తు. కుర్చీలో కూర్చున్న నాన్న అప్పుడే కాలు ఊపడం కూడా మొదలెట్టాడు. నేను లెక్కేసుకున్నాను. అయిదు పాటలు, పాటకి అయిదేసి నిమిషాలు. ఆ తర్వాత కాలనీ మొత్తానికి వినబడేలా పెందుర్తి మహారాణి మాట్లాడుతుంది. వెళ్లి మైకు సెట్టాయన పక్కన చేరాను.

"అన్నా, ఆ కేసెట్టు తీసీ. బాగోదు."

"బాగానే వస్తన్నాది కదేటి?"

"ముందుకెళ్తే రిబ్బను చుట్టుకుపోద్ది. నీ మిషను పాడైపోద్ది."

"నా మిషను సంగతి నాకొగ్గీ బావ. పెద్దామె ఎయ్యమన్నాది. తీసీసేననుకో, నాను మాట పడాల."

పెద్దామెకి అందులో ఏముందో తెలిస్తే కదా అనుకుని ఉసూరుమన్నాను. ఇంతలో పాట అయిపోయి నా గొంతు డాబా మీంచి ఉరిమింది. "ప్రియమైన శ్రోతలారా! ఈ పాట మా నాన్నగారి గెడ్డానికి అంకితం." షామియానా కింద ఒక్కసారిగా నవ్వులు. "మా బావమరిదే! ఉండండుండండి, మళ్లీ మాటాడతాడు" అన్నాడు బావ గర్వంగా. దాంతో నా కొంప పూర్తిగా మునిగింది. అప్పట్నుంచి జనం పాట వస్తున్నంతసేపూ కబుర్లు చెప్పుకుని, పాట ఆగగానే చెవులు రిక్కించడం మొదలెట్టారు.

రెండోది వాన పాట. మద్దిలపాలెంలో బస్సు దిగి, వాన ఆగేదాకా టీకొట్టు చూరుకింద ముగ్గురం స్నేహితులం ఇరుక్కుని నిలబడ్డ సాయంత్రం విన్నాను దాన్ని. ఎప్పుడు విన్నా ఒంటికి చల్లగాలి తగిలినట్టుండేది. ఆ రోజు మాత్రం చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. అది అయ్యాక నా గొంతు బావ స్కూటరుని పడుకోబెట్టి లేపితేగాని స్టార్టవదని చెప్పింది. అందరూ బావవైపు తిరిగి నవ్వారు. బావ కూడా నవ్వాడుగాని, మొదటిసారంత పెద్దగా కాదు.

మూడోది ఏడుపు పాట. ఇంజినీరింగ్ డ్రాయింగు తప్పినప్పుడు దుప్పటి ముసుగు పెట్టుకుని విన్న పాట. నాకు అక్కడొక విషయం గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది. "అక్కా, నేను డ్రాయింగు తప్పిన సంగతి నాన్నకి ఇప్పటికీ తెలియదు, నీ కడుపులోనే పెట్టుకో" అని మైకు పెందుర్తికంతా చెప్పింది. నాన్న కాలు ఊపడం ఆపాడు. తల మెల్లగా నావైపు తిప్పాడు. (మామూలు రోజైతే ఆ చూపుకే నేను పారిపోయేవాణ్ణి. ఆ రోజు అదొక లెక్కలోకి కూడా రాలేదు.)

నాలుగో పాట మొదలవగానే అక్క కోసం లోపలికి పరిగెత్తాను. ఆడవాళ్ల మధ్య పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుమ్మంలోంచి చేతులతో సైగలు చేశాను. కేసెట్టు తిరుగుతున్నట్టు వేలు తిప్పాను, పీక కోసుకుంటున్నట్టు చెయ్యి అడ్డంగా లాగాను. అక్క నన్ను చూసి చల్లగా నవ్వి "ఆకలేస్తంటే సెప్పొచ్చు కదరా, కూసింతసేపాగు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నన్ను జాలిగా చూశారు. ఆ పాట చిన్నప్పుడు అక్కా నేనూ కలిసి పాడుకున్న యుగళగీతం. మగగొంతు అది పాడేది, ఆడగొంతు నాకిచ్చేది. అది పాడటానికి మాకు ఇంకెప్పుడూ అవకాశం ఇవ్వరేమో అనిపించింది. ఈ ఇంటికి నన్ను రానివ్వరు, నామూలాన అక్కని పుట్టింటికి పంపరు.

ఇక మిగిలింది ఒకటే దారి. వరండాలో మీటరు బోర్డుంది. ఫ్యూజు లాగేస్తే పీడా పోతుంది. ఎవరూ చూడకుండా స్టూలు జరిపి, ఎక్కి, చెయ్యి చాపాను.

"పిల్ల మేనమామ ఏడి? ఓర్నీ, స్టూలెక్కి ఏటి సేత్తన్నావురా?" అత్త గొంతు. "దిగు, దిగు. మొదటి ముద్ద నువ్వే పెట్టాల. నాను నిన్ననగా సెప్పలేదేటి?"

రెక్క పట్టుకుని దింపి, తీసుకెళ్లి పీట మీద కూర్చోబెట్టింది. ఒళ్లో పాపని పెట్టారు. చేతికి బంగారు ఉంగరం ఇచ్చారు, పరమాన్నంలో ముంచి నాలిక మీద రాయడానికి. పరమాన్నం గిన్నె పట్టుకుని నా పక్కనే, మోకాలికి మోకాలు తగిలేలా అత్త కూర్చుంది. బయట అయిదో పాట చివరి చరణంలో ఉంది. అది మంచి హుషారైన పాట, కాలేజీ వార్షికోత్సవంలో దానికి స్టెప్పులేసి ప్యాంటు చింపుకున్నాను. ఆ వాయిద్యాలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. పాట అయిపోయింది. షామియానా అంతా గప్‌చిప్. గరగరమని రిబ్బను చప్పుడు. నేను కళ్లు మూసుకున్నాను.

"ఒరే అబ్బాయ్" అంది మైకు.

నా గొంతు కాదు. ముక్కు పట్టుకున్న గొంతు అసలే కాదు.

"నీ మాటలు సెరిపీసినాను. ఎర్ర బొత్తం, నల్ల బొత్తం ఒక్కపాలి నొక్కాలట. 'సెప్పలేదేటి' అని నానంటాను, నిజివే. గాని అంత ముక్కుతోటి అనను. మరి నువ్వెలగ మాటాడతావో ఇను. 'వద్దత్తా... సాలత్తా... అయ్యో ఎందుకత్తా...' అలగ అంటా అంటానే మొన్న మా ఇంటికొచ్చినప్పుడు ఏడు గారెలు తినీసినావు. నాను లెక్కెట్టలేదనుకున్నావేటి?"

నా సాగదీత, నా వెనకాడటం, చివర్లో నేను గొంతు సవరించుకునే తీరు, అన్నీ దించేసింది. పందిరి కూలిపోతుందేమో అన్నంతగా నవ్వారు జనం. నాన్న అయితే కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. కళ్లు తెరిచి పక్కకి చూస్తే అత్త గిన్నెలోకే చూస్తోంది. మొహంలో ఒక్క గీత కూడా కదల్లేదు.

"నీవేవో పాటలెట్టినావు. నాకూ ఒక పాటున్నాది" అంది మైకు. తర్వాత పాడింది. వరి ఉడుపులప్పుడు ఆడవాళ్లు వరసగా వంగి నారు నాటుతూ పాడుకునే పాట. వాయిద్యం లేదు. ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వినబడుతోంది. అంత గట్టి గొంతు ఎక్కడికి పోయిందో, తడిమట్టిలా మెత్తగా ఉంది. నవ్వుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. రెండో చరణం సగంలో ఉండగా టక్‌మని రిబ్బను అయిపోయింది.

"మిగతాది పాడొదినా" అని ఎవరో ముసలమ్మ అంది. అత్త సిగ్గుపడింది. ఆవిడ సిగ్గుపడటం చూసింది అదొక్కసారే. "సాల్లెండి. ఒరే, పిల్ల నోరు తెరుసుకుని సూత్తన్నాది, ఎంతసేపా ఉంగరం పట్టుకుని కూసుంటావు?" అని నన్ను కసిరింది. పాప పరమాన్నం చప్పరించి, నచ్చలేదేమో, నా కొత్త చొక్కా మీదకే ఉమ్మేసింది.

భోజనాలయ్యాక పెరట్లో కుళాయి దగ్గర చొక్కా కడుక్కుంటూ అక్కని నిలదీశాను. "ముందే ఒక్క మాట సెప్పొచ్చు కదా?"

"సెప్తే నీ మొకం అలగ సూసేదాన్నేటి?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. తను ఇక్కడికొచ్చిన వారానికే, ఇంట్లో ఎవరూ లేరనుకుని కేసెట్టు పెట్టిందట. అయిదో పాట తర్వాత అంతా అయ్యాక వెనక్కి తిరిగితే, తలుపు దగ్గర అత్త. ఆ రోజంతా మాట్లాడలేదట, అన్నం కూడా విడిగా పెట్టుకు తిందట. "నాకు సేతులాడలేదురా. పిల్లకి పాలు పట్టడం కూడా సేతకాలేదు. పంపిత్తారా ఏటి పుట్టింటికి అనుకున్నాను. మర్నాడొచ్చి ఆ మిషను తే, ఎలగ నొక్కాలో సెప్పు అన్నాది. సెప్తా సెప్తా ఒక బొత్తానికి ఇంకో బొత్తం నొక్కీసినాను. 'ఎందుకే అంత బయం, నాను సచ్చినాక మీకు నా మాట ఉండాలి కదా' అన్నాది."

నేను ఇరవై అయిదు నిమిషాలు పడ్డ అవస్థని అక్క ఒక పగలూ ఒక రాత్రీ, నామూలంగా, ఎవరికీ చెప్పుకోకుండా పడిందన్నమాట. తోడుగా ఉంటుందని నేను ఆ కేసెట్టు పంపింది దానికే. చొక్కా మరకని ఇంకా గట్టిగా రుద్దాను.

ఆ తర్వాత ఏ నెల పెందుర్తి వెళ్లినా అత్త కోసం ఒక కేసెట్టు పట్టుకెళ్లేవాణ్ణి. చాలా వాటిని "ఇదేటి గోల" అని మధ్యలో ఆపేసేది. ఆ ఉడుపుల పాట మిగతాది పాడమని ఎన్నిసార్లు అడిగానో. "కూసుంటే రాదు బాబూ. మడిలో వొంగుంటే అదే వస్తాది" అనేది. ఒక ఏడాది వానాకాలం వాళ్ల ఊరెళ్లినప్పుడు నిజంగానే ఉడుపులు జరుగుతున్నాయి. అత్త చీర ఎగదోపుకుని మడిలోకి దిగింది. "అత్తా, మరిప్పుడో?" అన్నాను గట్టు మీంచి. "దిగు మరి" అంది. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ఆవిడ పక్కనే వంగి, నాకు చేతనైనట్టు నారు గుచ్చుతూ పోయాను. సగం వరస కూడా కాకుండానే నడుం పట్టేసింది. మూలుగుతూ గట్టెక్కేశాను. కాళ్లు కడుక్కుని, చెప్పులేసుకుని, రోడ్డు మీద టీ తాగి తిరిగొచ్చేసరికి పని ఆ మడి దాటి పై మడికి వెళ్లిపోయింది. "ఇప్పటిదాకా పాడినాం కదా, ఇన్లేదేటి?" అంది అత్త.

ఆవిడ ఇప్పుడు లేదు. నాకు ఇష్టమైన పాటలన్నిటిలోకీ గొప్ప పాట నాకు సగమే వచ్చు. ఆ మిగతా సగానికీ నాకూ మధ్య ఒక టీ గ్లాసంత దూరమే ఉండేది.