మా ఆవిడ జడ తీసుకున్న కుస్తీ మనిషి

మా ఆవిడ పోయి ఆరు నెలలైంది. ఆమె బతికి ఉండగా నేను అసూయపడ్డది ఒక్క మనిషిని చూసి. ఆ మనిషి ఆడది, మెక్సికో దేశస్థురాలు, వృత్తి కుస్తీ. మేమిద్దరం ఆమెను చూసింది కువైట్‌లో, జహ్రాలో ఒక ఇంటి హాల్లో, వీడియో క్యాసెట్లలో మాత్రమే. ఆమె పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

అది ఇరాక్ సైన్యం వచ్చిన ఏడు. నేను ఒక గ్యారేజీలో స్టోర్ చూసేవాణ్ణి. మనవాళ్లు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో గది. మా ఆవిడ జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తూ అక్కడే ఉండేది. సైన్యం వచ్చిన కొద్ది రోజులకే ఆ ఇంటివాళ్లు సౌదీ వైపు వెళ్లిపోయారు. ఇంటి యజమానురాలిని మా ఆవిడ మామా అనేది. కారెక్కుతూ మామా తాళాల గుత్తి మా ఆవిడ చేతిలో పెట్టి, నేను తిరిగొచ్చేదాకా ఈ ఇల్లు విడిచి పోకు అంది. మా ఆవిడ సరేనంది. గ్యారేజీ మూతపడ్డాక నేను బట్టలూ నాలుగు పుస్తకాలూ తీసుకుని ఆ ఇంటికే చేరాను. బయటి గదిలో ఆ ఇంటి డ్రైవరు ఉండేవాడు. రాయచోటి అతను.

ఊళ్లో ఏం జరుగుతోందో అతనే తెలుసుకుని వచ్చేవాడు.

"అన్నా, అబ్బాసియా సగం ఖాళీ అయిపాయ. బస్సులు బస్రా మింద పోతాండాయి. ఆడినించి బాగ్దాదు, ఆడినించి జోర్డాను. మనమే ఈడ కూచోనుండాం."

"నాతో కాదు, మీ అక్కతో చెప్పు" అన్నాను.

"అక్కా, పోదామా?"

"ఎలా పోతాం తమ్ముడూ? మామాకి మాటిచ్చాను."

"మామా సౌదీలో ఏసీ కింద కూచోనుంటాది. నువ్వు ఈడ బాంబు కింద కూచుంటావా?"

"ఆవిడ ఏసీ కింద కూచుంటే నా మాట మారిపోద్దా?"

నేనూ చెప్పాను. రోజూ చెప్పాను. దుకాణాల్లో సరుకు అయిపోతోందని చెప్పాను. సైనికులు ఖాళీ ఇళ్లలోకి దూరుతున్నారని చెప్పాను. ఆమెను వదిలి నేను వెళ్లలేను. ఆమె ఆ ఇంటిని వదిలి రాదు. మా పరిస్థితి అంతే.

టీవీ పెడితే ఇరాక్ వాళ్ల వార్తలే వచ్చేవి. అందుకని మా ఆవిడ, మామా చిన్న కొడుకు బీరువా తెరిచింది. ఆ అబ్బాయి అమెరికాలో చదువుకుని వచ్చాడు. అక్కడి స్పానిష్ చానెల్ నుంచి ఎక్కించుకున్న కుస్తీ క్యాసెట్లు బీరువా నిండా ఉన్నాయి. అట్టల మీద అంకెలు వేసి వరసగా పేర్చాడు. మా ఆవిడ ఆ వరసలోనే చూసింది.

మొదటి దాంట్లో ఆ కుస్తీ మనిషి సన్నగా, నీలం బట్టల్లో, ఏదో చిన్న ఊరి హాల్లో ఉంది. చావుదెబ్బలు తిని రింగు తాళ్ల బయట పడింది. తర్వాతి వాటిల్లో భుజాలు గట్టిపడ్డాయి, హాళ్లు పెద్దవయ్యాయి. ఒకదాంట్లో గెలిచినవాళ్లకిచ్చే బంగారు రంగు పట్టా నడుముకు కట్టుకుంది. ఇంకోదాంట్లో పొట్ట కాస్త పెరిగి, కాళ్లు బరువై కనిపించింది.

"ఈమధ్యే పురుడు పోసుకుందండీ" అంది మా ఆవిడ. "నడక చూడండి, తెలీట్లేదా?"

నాకు తెలియలేదు. రెండు క్యాసెట్ల తర్వాత ఆమె ఒక పిల్లను చంకనేసుకుని వచ్చింది.

ఆ తర్వాత జనం ఆమెను తిట్టడం మొదలుపెట్టారు. "మొన్న పూలేసినోళ్లే ఇవాళ తిడతన్నారు, ఏటండీ ఈ మనుషులు" అని మా ఆవిడ బాధపడింది. కుస్తీలోని కిటుకులు నాకు వివరించేది. భుజాలు రెండూ నేలకు ఆని, మూడు లెక్కపెడితే ఓడినట్టట. కాబట్టి లేవలేకపోయినా ఒక్క భుజం ఎత్తితే చాలట. వంటింట్లో పిండి కలుపుతూ కూడా, ఆవిడైతే ఇలా చేసేది, ఆవిడైతే అలా అనేది అంటూ ఉండేది. నేను పక్కనే పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి. పేజీ తిప్పేవాణ్ణి కాదు. పెళ్లయి పదేళ్లు దాటింది. నేను ఏం చదువుతున్నానో ఆమె ఒక్కసారీ అడగలేదు. తనకు అర్థంకాని భాషలో ఆ మనిషి ఏం మాట్లాడినా మాత్రం నోరు తెరుచుకుని వినేది.

చివరి క్యాసెట్‌లో కుస్తీ మనిషి ఓడిపోయింది. నాకు లోపల సంతోషమే కలిగింది. అంతలో రింగులోకి ఒక కుర్చీ తెచ్చారు. ఆమె తనంతట తానే వచ్చి అందులో కూర్చుంది. గెలిచిన మనిషి చూస్తుండగా మిషనుతో జుట్టంతా తీసేశారు. ఆమె లేచి, బోడి తలను ఒకసారి చేత్తో తడుముకుని, జనానికి దండం పెట్టింది. తిట్టినవాళ్లే నిలబడి చప్పట్లు కొట్టారు. మా ఆవిడ కూడా లేచి చేతులు జోడించింది.

"మొక్కు తీర్చేసుకుందండీ."

"మొక్కు కాదు. ఓడినవాళ్లకు గుండు అని పందెం వేసుకున్నట్టున్నారు."

"ఓడిపోయినోళ్లు ఏడుత్తారు. ఆవిడ ఏడవట్లేదు."

గుమ్మంలో నిలబడి చూస్తున్న డ్రైవరు, "అక్కా, అన్న చెప్పేదే నిజం. పందెమే అది" అన్నాడు.

"ఏదైతేనేం తమ్ముడూ. నోటితో అన్నదాన్ని జుట్టుతో తీర్చేసింది. ఇంక ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనడానికి లేదు."

మెక్సికోలో జుట్టు పందెం పెట్టి ఆడటం పాత రివాజని ఈమధ్యే చదివాను. రాజధానిలో చాలా ఏళ్లు ఆడవాళ్లను కుస్తీ పట్టనివ్వలేదట. మొదట్లో ఆమె చిన్న ఊళ్ల హాళ్లలో కనిపించడానికి అదే కారణమేమో. మా ఆవిడకు చెబితే సంతోషించేది. ఆ సంగతి తట్టాక ఆ రోజు ఇంకేమీ చదవలేదు.

మర్నాడు పొద్దున మా ఆవిడ తలంటుకుని, హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. వంటింటి కత్తెర నా చేతికిచ్చింది.

"కొయ్యండి. మామాకిచ్చిన మాట తప్పుతున్నాను. వెళ్లిపోదాం."

ఆమె జడ నడుం దిగి ఉండేది. పెళ్లైన కొత్తలో నాకు టైఫాయిడ్ వస్తే, జుట్టు చిన్న తిరుపతికి మొక్కుకోమని మా అమ్మ అడిగింది. కొబ్బరికాయలు ఎన్నైనా కొడతాను గానీ జుట్టు మాత్రం అడక్కండి అని ఆమె తేల్చి చెప్పింది. నేను కొబ్బరికాయలతోనే బతికాను.

"ఊరెళ్లాక చిన్న తిరుపతిలో ఇద్దువుగానిలే" అన్నాను.

"ఇక్కడ తప్పిన మాటకి అక్కడెందుకండీ? ఆవిడ ఓడిన చోటే, గెలిచినోళ్ల ముందే కూచుందా లేదా?"

"నా జ్వరానికి ఇవ్వలేదు."

"మీరు బతికారు కదండీ."

కోశాను. ఆ కత్తెరకు జుట్టు సరిగా తెగలేదు. రమ్మని ఇన్నాళ్లూ బతిమాలుకున్నవాణ్ణి నేను. వస్తానన్నప్పుడు నాకు రావలసినంత సంతోషం రాలేదు. ఆమె జడను గుడ్డలో చుట్టి మామా మంచం మీద పెట్టింది.

"వద్దక్కా, చేతబడి చేసినావనుకుంటాది మామా" అన్నాడు డ్రైవరు.

"అనుకుంటే అనుకోనీ. ఎప్పుడైనా కనబడితే నేనే చెప్తాను."

తాళాలు పక్కింటి ముసలాయనకు అప్పజెప్పి ముగ్గురం అబ్బాసియా వెళ్లాం. అక్కడ బస్సు దొరికింది.

బస్రా దాటాక ముందు సీటులోని ఒకావిడ వెనక్కి తిరిగి, మా ఆవిడ చున్నీ కింద కత్తిరించిన జుట్టు చూసి, "ఏ దేవుడికమ్మా?" అని అడిగింది.

"దేవుడికి కాదండి. ఒకావిడ ఉంది, కుస్తీ పడతాది" అని మా ఆవిడ మొదలుపెట్టింది. నీలం బట్టలు, చిన్న ఊరి హాలు, పట్టా, పురుడు, చంకలో పిల్ల, పూలేసినోళ్లే తిట్టడం, ఒక్కటీ వదలలేదు. చుట్టుపక్కల ఆడవాళ్లందరూ ముందుకు వంగి విన్నారు. నేను కళ్లు మూసుకుని, నా ప్రస్తావన ఎక్కడైనా వస్తుందేమోనని విన్నాను. ఒక్కచోట వచ్చింది.

"కోసింది ఈయనేనండి" అని చున్నీ తీసి తల చూపించింది. "ఎంత వంకరగా కోశారో చూడండి."

అందరూ నవ్వారు. "తర్వాతేమైందమ్మా?" అని ఎవరో అడిగారు. మా ఆవిడ చున్నీ సర్దుకుని, మళ్లీ ఆ మెక్సికో ఆవిడ సంగతే ఎత్తుకుంది.