బాబాయి జీపులో మిగిలిపోయిన మిరపకాయలు

మా బాబాయి పాత జీపు ఏళ్ళ తరబడి మిరపకాయల బస్తాలను గుంటూరు యార్డుకు మోసింది. ఇప్పుడు దానికి పెద్ద టైర్లు, గట్టి పైకప్పు, కొత్త ఏసీ పెట్టించాడు. పిన్నితో కలిసి అందులో కాశ్మీరు వెళ్ళాలని ఆయన ఆశ.

“ముందు చిలకలూరిపేట దాకా తీసుకెళ్ళండి. నా నడుము నిలబడితే అప్పుడు చూద్దాం,” అంది పిన్ని. అందుకని ఈ రోజు మధ్యాహ్నం బయలుదేరాం. వెనక సీట్లో నేను.

నల్లపాడు దాటేదాకా బాగానే ఉంది. అప్పుడు బాబాయి గర్వంగా ఏసీ వేశాడు. సందుల్లో ఎన్నాళ్ళుగానో దాక్కున్న మిరప్పొడి గాలితోపాటు ఒక్కసారిగా లేచింది. ముగ్గురికీ తుమ్ములే తుమ్ములు. బాబాయికి పొలమారింది. జీపు పక్కకు ఆపి, నెత్తిమీద తట్టుకుంటూ, “ఎవరో తలుచుకుంటున్నారే,” అన్నాడు.

“ఎవరో కాదండీ, మీ మిరపకాయలే!” అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ.

కాశ్మీరు ఇక లేనట్టే అనుకున్నాను. బాబాయి ముఖం కూడా చిన్నబోయింది. పిన్ని మాత్రం తలుపులన్నీ బార్లా తెరిచి, కాసేపు గాలాడనిచ్చి, మళ్ళీ ఎక్కి కూర్చుంది.

“ఇన్నేళ్ళూ వాటినే తిప్పారు. ఇకనైనా నన్ను తిప్పండి. రేపు సీట్లు విప్పించి కడిగించండి, వస్తాను.”

ఉక్కిరిబిక్కిరవుతున్నా ఎవరో తలుచుకుంటున్నారనిపించే పొలమారడం ఎంత చక్కని మాటో ఈ రోజే గమనించాను. ఇంతకీ, సందుల్లో చేరిన మిరప ఘాటు ఎన్నేళ్ళు ఉంటుంది? తెలిసినవాళ్ళు త్వరగా చెప్పండి. పిన్ని అప్పుడే స్వెట్టర్లు బయటికి తీసింది.