పెళ్లిపందిట్లో పదిహేడు తలుపులు

మొన్న మా ఇంటి నంబరు తిరగరాయడానికి పెయింటర్ వచ్చాడు. డబ్బా మూత తెరవగానే నీలం రంగు వాసన గుప్పుమంది, దాని వెనకే ఖాదర్ సారు వచ్చి నిలబడ్డారు. మనిషి కాదు లెండి, జ్ఞాపకం. నేను చెప్పేవి సగానికి తగ్గించుకుని నమ్మడం బూర్గంపాడులో అందరికీ అలవాటే. ఈ ఒక్కటి మాత్రం తగ్గించకండి. ఇంత వింత కల్పించడం నావల్ల కూడా కాదు.

ఖాదర్ సారు మా గ్రామీణ బ్యాంకు మేనేజరు. ఖమ్మంలో వాళ్ల నాన్నది గడియారాల దుకాణం. సారు లోపల కూడా ఓ గడియారం టిక్కుటిక్కుమనేది. నేను ఆయన కింద గుమస్తాను. అప్పటిదాకా ఒక్కో ప్రాంతంలో ఒక్కో పద్ధతి. మా దగ్గర అడవి గూడేల వాళ్లు ఖాతా తెరవాలంటే గూడెం పెద్ద వచ్చి "మా మనిషే" అంటే చాలు, వేలిముద్ర వేయించుకునేవాళ్లం. ఇంతలో పై నుంచి, బ్యాంకులన్నిటికీ పెద్ద బ్యాంకు నుంచి, అన్ని ప్రాంతాలకూ ఒకటే రూల్సు పుస్తకం దిగింది. ఖాతాదారు ఇంటి తలుపు మీది నంబరును తనిఖీ అధికారి కళ్లారా చూసి సంతకం పెట్టాలి. నెలాఖరులోగా పెట్టకపోతే ఖాతా ఆగిపోతుంది. మా జాబితాలో నంబర్లు లేని గూడెం ఒకటి మిగిలింది. పదిహేడు ఇళ్లు. ఎనిమిదో పేరు ముత్తమ్మది. ఆమె పింఛను ఆ ఖాతాలోకే వస్తుంది, బీపీ మాత్రలు ఆ పింఛనుతోనే వస్తాయి.

"ఇంత దానికి అడవి దాకా ఎందుకు సార్? ఈడనే కూసుని నంబర్లు రాసేస్త" అన్నాను.

"కోటేశూ, నీ కథలు చాయ్ దుకాణంల చెప్పు. రిజిస్టర్ల చూసిందే రాయాలె. చూడకపోతే పోయి చూసొచ్చి రాయాలె. జల్దీ బండి తియ్."

పంచాయతీ కార్యదర్శి చేత నంబర్లు ఇప్పించి, రంగు డబ్బా నా ఒళ్లో పెట్టి బయల్దేరదీశారు. అక్కడ ఇళ్లకు చెక్క తలుపుల్లేవు, వెదురు తడికలు. నేను బ్రష్షు ముంచుతుంటే ముత్తమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"గుంజ మీద రాయి బిడ్డా. గుంజ యాడికి పోదు."

సారు పుస్తకం తీశారు. "తలుపు అని ఉన్నదమ్మా. గుంజ అని లేదు."

"గా పుస్తకం రాసినోడు మా గూడెం జూసిండా?"

"చూడలే. అయినా రాసిండు కదా" అన్నారు సారు. నేను పదిహేడు తడికల మీదా రాసేశాను.

నెలాఖరు రోజున హైదరాబాదు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో రిజిస్టరు. జీపు దిగి చూద్దుము కదా, ఒక్క ఇంటికీ తలుపు లేదు. పదిహేడు ఇళ్లూ నోళ్లు తెరుచుకుని మమ్మల్నే చూస్తున్నాయి.

"నంబర్లేవండీ?"

సారు ముఖంలో గడియారం ఆగిపోయింది. ఆయన్ని ఒడ్డున పడేద్దామని నేను అందుకున్నాను. "మొన్న గాలిదుమారం వచ్చింది సార్. తడికలన్నీ లేసి గోదావరి దాటిపోయినయ్. భద్రాచలంల రెండు దొరికినయట..."

సారు నా కాలు తొక్కారు. "అబద్ధం సార్. తప్పు నాది. ముత్తమ్మ గుంజ మీద రాయమన్నది, నేను ఇనలే. తలుపులు ఎటు పోయినయో నాకు తెల్వది."

అధికారి పెన్ను మూత బిగించాడు. ఇక పదిహేడు ఖాతాలూ పోయినట్టే అనుకుంటుండగా, చివరి ఇంటి వెనక డోలు మోగింది. ముత్తమ్మ కొత్త చీరలో ఎదురొచ్చింది.

"తలుపులు యాడికి పోతయ్ సారూ? పెండ్లికి పోయినయ్. మీరు గూడ రాండ్రి."

పెళ్లింటికి ఇంటికో తడిక ఇవ్వడం ఆ గూడెం పద్ధతట. పందిరి చుట్టూ నా నీలం అంకెలు నిలబడి ఉన్నాయి. మూడు పక్కన పదమూడు, పద్నాలుగు తలకిందులు. సారు మెల్లగా పుస్తకం విప్పారు. "తలుపు మీద నంబరు చూడాలని ఉన్నది సార్. తలుపు ఇంటికి బిగించి ఉండాలని లేదు."

అధికారి ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాడు. ఎవరి తడిక పక్కన వాళ్లు వచ్చి నిలబడ్డారు, పెళ్లికొడుకుతో సహా. సంతకాలు టకటకా పడ్డాయి.

"ఎనిమిది ఏది?"

ముత్తమ్మ వంటల వైపు చూపించింది. ఎనిమిదో నంబరు నేల మీద పరిచి ఉంది. దాని మీద ఆకులు, ఆకుల మీద నడుమెత్తు అన్నం కుప్ప.

"తిన్నంక కనవడ్తది. కూసోండ్రి."

అధికారి కుప్పను చూశాడు, చేతి గడియారం చూశాడు, చొక్కా చేతులు మడిచాడు. ఆయన మూడుసార్లు వడ్డించుకున్నాడు. సారు నాలుగు. నా లెక్క చెబితే మీరు సగానికి తగ్గిస్తారు, అందుకే చెప్పను. పొద్దు వాలుతుండగా అడుగు ఆకు తొలగి నీలం రంగు తొంగిచూసింది. "కనపడింది!" అని చిన్నపిల్లాడిలా అరిచింది ఎవరనుకున్నారు? అధికారే.

రిపోర్టులో ఏం రాయాలా అని అధికారి తల పట్టుకుంటే, "చూసింది రాయండి" అన్నారు సారు. "తలుపు పెళ్లిలో ఉండగా చూడడమైనది" అని రాశాడు. వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి ఫోను: "ఇది మీ కోటేశ్వరరావు రాసిందేనా?" చెప్పని అబద్ధానికి నేను మాట పడ్డది ఆ ఒక్కసారే.

తర్వాత సారు మళ్లీ గూడెం వెళ్లారు. ఈసారి బ్రష్షు తనే పట్టుకుని, "యాడ రాయమంటవమ్మా?" అని ముత్తమ్మను అడిగి, పదిహేడు గుంజల మీదా రాశారు. పుస్తకం బండి డిక్కీలోనే ఉండిపోయింది.

ఇప్పుడు సారు లేరు. ఆయన కుర్చీలో నేనున్నాను. కొత్త పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా బండి తీసి, ముందు ముత్తమ్మకు చదివి వినిపించి వస్తాను. ఆమె నవ్విన పేజీని రెండోసారి చదువుతాను.

"గేటు మీద రాయమంటరా సార్?" అన్నాడు పెయింటర్.

"గోడ మీద రాయి నాయనా. వచ్చే నెల ఎదురింట్ల పెండ్లి ఉన్నది."