ఇరవై ఐదు గంటల రోజు

పోయిన వారం నేను ఒక ఓడ కెప్టెన్‌కి టైమ్ చూడటం నేర్పాను. అప్పట్నుంచి ఆఫీసులో లంచ్‌కి ఒక్కదాన్నే వెళ్తున్నాను.

సీతాఫల్‌మండి స్కూల్లో పద్దెనిమిదేళ్లు టీచరుగా చేసి, ఓడల లెక్కలు చూసే ఈ ఐటీ ఆఫీసులో చేరాను. ఓడలు ఏడాదికి ఎంత పొగ వదిలాయో లెక్క చూపించాలని అంతర్జాతీయ రూలు. అందుకని ప్రతి ఓడా రోజూ మధ్యాహ్నం పన్నెండుకి రిపోర్ట్ రాస్తుంది. నిన్న పన్నెండు నుంచి ఎన్ని గంటలు నడిచింది, ఎంత ఆయిల్ కాల్చింది అని. వాటిని సరిచూడటం నా పని. నెలాఖరుకి నా ప్రొబేషన్ అయిపోతుంది. ఉంచుతారో, ఇంటికి పంపుతారో మా టీమ్ లీడ్ నరేశ్ చెప్పాలి. అతనిది నా స్టూడెంట్ల వయసు.

సింగపూర్ నుంచి ఆఫ్రికా వెళ్లిన ఓడ రిపోర్టులు తీశాను. ఒక రోజు 'ఇరవై ఐదు గంటలు నడిచింది' అని ఉంది. మూడు రోజులకి మళ్లీ ఇరవై ఐదు. మొత్తం ఆరుసార్లు. ఎర్ర పెన్ను పట్టిన చెయ్యి ఊరుకుంటుందా? అన్నీ ఇరవై నాలుగు చేసి తనిఖీకి పంపేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. కెప్టెన్‌కి మెయిల్ కొట్టాను. 'రోజుకి ఇరవై నాలుగు గంటలే. ఇకనైనా శ్రద్ధగా రాయండి.' నరేశ్‌ని, ఓడ ఓనర్లని, లెక్క తనిఖీ చేసేవాళ్లని అందర్నీ సీసీలో పెట్టాను.

పొద్దున్నే జవాబు వచ్చింది, అందరికీ.

'మేడం, మేం పడమటికి వెళ్లాం. వెళ్లేకొద్దీ మాకు మధ్యాహ్నం ఆలస్యంగా అవుతుంది. గడియారం గంట వెనక్కి తిప్పిన రోజుకి ఇరవై ఐదు గంటలు. మీ మెయిల్ సూర్యుడికి కూడా పంపిస్తాను.'

దాని వెనకే తనిఖీవాళ్ల మెయిల్: ఓడ లాగ్‌బుక్‌తో ఆరు గంటలు తేడా వస్తోంది, రిపోర్ట్ వెనక్కి పంపుతున్నాం.

నరేశ్ పిలిచాడు.

"పరేషాన్ గాకుండ్రి మేడం. ఆరు ఎంట్రీలే గదా, మళ్ల మార్చి పంపుదాం. ఓనర్లకు నేను చెప్త." నేను తిరిగి వెళ్లబోతుంటే, "గని మేడం, స్కూల్ల మీరు ఏం సబ్జెక్ట్ చెప్తుండె?"

"హిందీ" అన్నాను వెంటనే.

అతను టేబుల్ మీద ఉన్న కాగితం వైపు చూశాడు. ప్రొబేషన్ ఫైల్లో నా బయోడేటా. జాగ్రఫీ, పద్దెనిమిదేళ్లు అని నా చేత్తో నేనే రాసింది.